నీలివన్నెలో నిజము చూచిన యల్లాప్రగడ సుబ్బారావు

గొలుగొండ మొదలుకొని మన రాష్ట్రములోని ఏ పల్లెకు పోయినా, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వారమునకు ఒకసారి పిల్లలచేత నీలిరంగు మాత్ర మ్రింగించడము ఉపాధ్యాయులకు అలవాటైన పని. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉంటాయి. గర్భవతులకు దినదినము ఇచ్చే ఎర్రమాత్రలోను ఈ రెండే ఉంటాయి. రక్తహీనతకు ఇనుము మందు అన్న సంగతి పూర్వులకు తెలిసినదే. రెండవదానిని ప్రయోగశాలలో తయారుచేసి లోకమునకు అందించిన బృందమునకు నాయకుడు భీమవరములో పుట్టిన తెలుగువాడని మాత్ర మ్రింగే పిల్లలలో ఎందరికి తెలుసునో సందేహమే.

ఫోలిక్ ఆమ్లము, కాన్సరు మందు, బోదకాలు మందు, ఆరియోమైసిన్ - ఈ నాలుగింటి పేర్లు చెప్పి యల్లాప్రగడ సుబ్బారావుగారిని కీర్తించడము పరిపాటి. అది న్యాయమే. అయితే ఈ మందులన్నింటికంటె ముందు, ఆయన ముప్పయ్యవ ఏట, ఒక చిన్న పద్ధతి వెలువడింది. అది ఏ రోగమును కుదర్చదు. గాజుగొట్టములోని నీరు ఎంత నీలముగా మారిందో చూపి, నెత్తురులో భాస్వరము ఎంత ఉన్నదో చెబుతుంది, అంతే. కాని ఆయన తరువాతి జీవితమునకు దారి చూపినది ఆ నీలివన్నెయే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించారు. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యము వలన ఆయన ముందుగానే ఉద్యోగము విడువవలసి వచ్చింది. తల్లి వెంకమ్మగారి మీద ఏడుగురు బిడ్డల సంసారభారము పడింది. చిన్నతనములో సుబ్బారావుకు చదువు మీద శ్రద్ధ తక్కువ. పదమూడవ ఏట, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించవలెనని మరొక బంధువుల పిల్లవానితో కలసి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. రాజమండ్రిలో చదువు సాగింది. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థుడైనాడు. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి పెదవి విరిచే మేష్టర్లు ఈ సంగతి ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనడము మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత ఆయన మనస్సు సన్యాసము వైపు తిరిగింది. రామకృష్ణ మఠమువారి సేవ ఆయనను ఆకర్షించింది. అయితే వైద్యము చదివి రోగులకు సేవ చేయుమని మఠములోని పెద్దలు హితవు చెప్పారు. ఆ విధముగా 1915లో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించారు. 1919 మే నెలలో శేషగిరిగారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువునకు ధనసహాయము చేశారు.

అవి గాంధీగారి పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాలయములో సైతము ఖద్దరు దుస్తులు ధరించి నిలబడ్డాడు. శస్త్రవైద్యము బోధించే బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది కిట్టలేదు. వ్రాతపరీక్షలలో బాగుగనే వ్రాసినా, చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. సర్కారు వైద్యశాఖ తలుపు దానితో మూసుకొన్నది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించే కొలువు దొరికింది.

ఈ కాలములోనే ఆ కుటుంబముపై పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను ఇద్దరిని కొద్దిదినముల ఎడముతో పొట్టన పెట్టుకొన్నది. మన వైద్యులు సంగ్రహణి అని చెప్పే జబ్బుకు ఇది దగ్గర. ప్రేగులు ఆహారసారమును గ్రహించలేవు. తిన్నది తిన్నట్లు పోతుంది. నాలుక పుండి, రక్తము క్షీణించి, మనిషి శల్యమై పోతాడు. అదే వ్యాధి సుబ్బారావును కూడా పీడించింది. లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. తాను చదివిన పాశ్చాత్యవైద్యములో ఆ జబ్బుకు మందు లేదు. కారణము సైతము ఎవరికీ తెలియదు. రోగి శరీరములో ఏది లోపించింది అన్న ప్రశ్నకు సమాధానము లేనిచోట వైద్యుడు ఏమి చేయగలడు? ఈ ప్రశ్న ఆయనను సముద్రము దాటించింది.

అది 1922వ సంవత్సరము. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేశారు. మరునాడు నేడు గొలుగొండ మండలములో ఉన్న కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాలు ఆయన వశమైనాయి. మన్యము అట్టుడుకుతూ ఉండగా, సీతారామరాజు కంటె రెండేండ్లు పెద్దవాడైన సుబ్బారావు ఓడలో ప్రయాణమై అక్టోబరు 26న అమెరికాలోని బోస్టను నగరము చేరారు. ఒకే సీమలో ఒకే తరములో పెరిగిన ఇద్దరు, ఒకే ఏట, ఇంత భిన్నమైన దారులు పట్టడము చిత్రమే. మామగారి సాయము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి చేయూత ఆయన ప్రయాణమునకు ఆధారమైనాయి. గర్భవతియైన భార్యను ఇంటివద్ద విడిచి వెళ్లారు. తరువాత పుట్టిన కుమారుడు శైశవములోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో 1924లో డిప్లొమా పుచ్చుకొన్నారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరు పని చేశారు. రోగుల మలమూత్రపాత్రలు శుభ్రము చేయడము ఆ పనిలో భాగము. పగటిపూట ఆటో ఫోలిన్ ఆచార్యుని జీవరసాయన శాఖలో, సైరస్ ఫిస్కె అనే అధ్యాపకుని క్రింద పరిశోధన. ఆ శాఖవారి ముఖ్యవిద్య ఒక్కటే. రెండుచుక్కల నెత్తురులో, కొద్దిపాటి మూత్రములో, ఏ పదార్థము ఎంత ఉన్నదో కొలవడము.

ఇది వినడానికి తేలికగా తోచవచ్చును. బజారులో చక్కెర తూచినట్లు నెత్తురులోని భాస్వరమును తూచడానికి వీలు లేదు. నూరు మిల్లీలీటర్ల రక్తరసిలో ఫాస్ఫేటు రూపమున ఉండే భాస్వరము సామాన్యముగా 2.5 మొదలు 4.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఎముకలు వంగిపోయే రికెట్సు జబ్బులో అది తరుగుతుంది. మూత్రపిండములు చెడినప్పుడు పెరుగుతుంది. అందుచేత ఆ కొలత వైద్యునికి కావలసినదే. బెల్, డాయిసీ అనే రసాయనికులు 1920లో ఒక రంగు పద్ధతిని కనుగొన్నారు. కాని ఆ రంగు నిలకడ లేనిది. దానిని సవరించిన వేరొక పద్ధతిలో రంగు రావడము ఆలస్యము. పైగా ఇతర లవణములు అడ్డు తగిలి లెక్క తప్పించేవి.

ఫిస్కె, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కులను తీర్చింది. ముందుగా, పాలను విరిచినట్లు, ఒక ఆమ్లముతో నెత్తురులోని మాంసకృత్తులను విరిచి వడకడతారు. తేటనీటిలో గంధకామ్లము కలిసిన అమ్మోనియం మాలిబ్డేటు పోస్తారు. అందులోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో జత కడుతుంది. అప్పుడు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమనే క్షయకరణి కొద్దిగా చేరుస్తారు. క్షయకరణి అనగా ఎలక్ట్రానులను దానము చేసే పదార్థము. ఆ దానము అందుకొన్న మాలిబ్డినము నీలివన్నెకు తిరుగుతుంది. ఫాస్ఫేటుతో జత కట్టిన మాలిబ్డేటు మాత్రమే ఆ దానమును సులభముగా పుచ్చుకొంటుంది. జత కట్టనిది పుచ్చుకొనదు. కావుననే నీలము ఎంత చిక్కనో భాస్వరము అంత ఎక్కువ. ఐదు నిమిషములైన తరువాత, తెలిసిన మోతాదు గల మరొక గొట్టపు రంగుతో పోల్చి లెక్క తీస్తారు. జీవరసాయన శాస్త్రములో అత్యధికముగా ఉదహరింపబడిన వ్యాసములలో ఇది ఒకటి.

ఈ విద్య భాస్వరముతో ఆగలేదు. స్కర్వీ జబ్బును పోగొట్టే విటమిన్ సి, అనగా ఉసిరికలోను నిమ్మలోను ఉండే ఆస్కార్బిక్ ఆమ్లము, స్వయముగా మంచి క్షయకరణి. దానిని కనిపెట్టే పద్ధతులన్నీ దాదాపు ఈ గుణము మీదనే ఆధారపడినవి. 1930 ప్రాంతమునుండి వాడుకలోనికి వచ్చిన టిల్మన్స్ పద్ధతిలో నీలిరంగు గల ఒక అద్దకపుద్రవము విటమిన్ సి తగలగానే వెలవెలపోతుంది. ఎన్ని చుక్కల రంగు పోయిందో లెక్కిస్తే విటమిన్ ఎంతో తేలుతుంది. అయితే ఎర్రని నెత్తురులో, పచ్చని ఆకురసములో, రంగు మాసిపోయినదీ లేనిదీ కంటికి తెలియడము కష్టము. పట్టపగలు దీపము వెలిగించినట్లు ఉంటుంది. అందుచేత శాస్త్రజ్ఞులు రంగును విడిచి వెలుగును ఆశ్రయించారు. 1965లో డాయిష్, వీక్స్ అనే రసాయనికులు విటమిన్ సి ని ముందుగా ఆక్సీకరించి, మరొక పదార్థముతో కలిపి, అతినీలలోహిత కిరణములు సోకినప్పుడు మెరిసే ద్రవ్యముగా మార్చి కొలిచే పద్ధతి నిర్మించారు. దీనిని ప్రతిదీప్తి అంటారు.

అటుపిమ్మట ఇంకొక చమత్కారము వచ్చింది. మెరిసే అణువునకు దాని మెరుపును అణచివేసే నైట్రాక్సైడు ముక్కను ఒకదానిని తగిలిస్తారు. ఆ స్థితిలో అది ఆర్పిన దీపమువలె ఉంటుంది. విటమిన్ సి వచ్చి తన దానగుణముతో ఆ ముక్క శక్తిని పోగొట్టగానే దీపము వెలుగుతుంది. చీకటిగదిలో చిన్నదీపమైనా కనిపించినట్లు, అత్యల్పమైన విటమిన్ కూడా ఈ విధముగా పట్టుబడుతుంది. ఇట్టి శోధకములను బ్రతికి ఉన్న జీవకణములలోనికి పంపి చూచే పరిశోధనలు ఈ శతాబ్దములో విరివిగా జరిగాయి. వెదకే పదార్థముచేత ఒక పని చేయించి, ఆ పనిని రంగుగానో వెలుగుగానో కంటికి చూపించడము అన్నింటిలోను సామాన్యసూత్రము. ఇంకొక విశేషము. ఫిస్కె-సుబ్బారావు పద్ధతిలోని క్షయకరణి స్థానమున విటమిన్ సి నే పోసి అదే నీలివన్నెను రప్పించే మార్పు 1956లో వచ్చింది. కొలవబడే వస్తువే అక్కడ కొలిచే సాధనము అయింది.

తిరిగి హార్వర్డు ప్రయోగశాలకు వద్దాము. నెత్తురులో నిక్కముగా పనిచేసిన పద్ధతి కండరములనుండి తీసిన ద్రవములో మొండికెత్తింది. ఐదు నిమిషములలో పూర్తిగా రావలసిన రంగు రాలేదు. ఆ తరువాత కూడా నెమ్మదినెమ్మదిగా చిక్కబడుతూనే పోయింది. తొందరపాటు మనిషి అయితే మందునీళ్లు పాడైనవని పారబోసి, మళ్లీ కలుపుకొనేవాడు. లేదా తనకు అనుకూలమైన క్షణమున లెక్క చూచుకొని ఊరకుండేవాడు. ఫిస్కె, సుబ్బారావులు రంగు మాటనే నమ్మారు. ఆలస్యముగా వస్తున్న నీలము ఎక్కడిది? కండలో ఫాస్ఫేటు విడిగా లేదనీ, దేనికో కట్టుబడి ఉండి ఆమ్లపు తాకిడికి మెల్లగా విడివడుతున్నదనీ వారు గ్రహించారు. ఆ కట్టుబడిన తోడు క్రియాటిన్. ఆ విధముగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అదే ఏట ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఈ పదార్థము జాడ పట్టారు.

కండను విద్యుత్తుతో ముడుచుకొనేటట్లు చేసినప్పుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుంది. విశ్రాంతి ఇస్తే తిరిగి ఏర్పడుతుంది. కండ కదలికకు శక్తి లాక్టిక్ ఆమ్లము వలన వస్తుందన్న సిద్ధాంతము ఆనాడు రాజ్యము చేస్తూ ఉండేది. కండరముల పరిశోధనకుగాను హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము కూడా లభించి ఉన్నది. ఆ సిద్ధాంతపు పునాది ఒక గాజుగొట్టములోని ఆలస్యపు నీలిరంగుతో కదలనారంభించింది. 1929లో ఫిస్కె, సుబ్బారావులు కండరమునుండి మరొక భాస్వరసమ్మేళనమును వేరుచేశారు. అది ఎ.టి.పి. జర్మనీలో లోమన్ కూడా అదే ఏట దానిని ప్రకటించారు. సకల జీవులలోను శక్తిని చేతులు మార్చే నాణెము అదేనని తరువాతివారు తేల్చారు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా ఆ మూడక్షరాలు తెలుసు. వాటి వెనుక ఉన్న తెలుగుపేరు పాఠ్యపుస్తకములలో అరుదు.

1930లో పిహెచ్.డి. పట్టము వచ్చినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన స్థానము దొరకలేదు. కీర్తిలో తన వాటాను తానే ఫిస్కెకు వదిలివేసేవారని సహచరులు చెప్పుకొనేవారు. ఇది ఔదార్యమో, పరదేశి అయినందువలన వచ్చిన సంకోచమో నిర్ణయించడము సులభము కాదు. రెండింటికీ చోటు ఉన్నది. ఆ దశాబ్దమంతా కాలేయరసములోని రక్తవర్ధకములను వెదకడములోను, విటమినుల పరిశోధనలోను గడిచింది. 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అనే ఊరిలో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయినారు.

అక్కడ మళ్లీ కొలత సమస్యే ఎదురైంది. బొంబాయి నేతమిల్లులలోని గర్భవతుల రక్తహీనతను లూసీ విల్స్ అనే ఆంగ్లవైద్యురాలు 1930 ప్రాంతమున పరిశీలించి, ఈస్టుసారముతో అది కుదురుతుందని చూపి ఉన్నది. ఆ సారములోని పదార్థమేదో ఎవరికీ తెలియదు. 1941లో పాలకూర జాతి ఆకులనుండి తీసినవారు దానికి ఆకు అనే అర్థమునిచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దాని మోతాదును తెలుసుకోవడానికి సుబ్బారావు బృందము పెరుగును తోడుపెట్టే సూక్ష్మజీవులకు చుట్టమైన ఒక లాక్టోబాసిలస్‌ను వాడింది. ఆ ఆమ్లము ఉంటేనే ఆ జీవి పెరుగుతుంది. ఎంత ఉంటే అంత పెరుగుతుంది. శుద్ధి చేసిన పదార్థమును విరుగగొట్టి చూడగా, వచ్చిన ముక్కలలో ఒకటి అతినీలలోహిత కిరణములలో మెరిసింది. అది సీతాకోకచిలుకల రెక్కలకు రంగునిచ్చే టెరిన్ కుటుంబములోనిదని తేలింది. ఒకనాడు రంగు, నేడు మెరుపు ఆయనకు ఆనవాలు చెప్పాయి.

1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించారు. ఆ వ్యాసము మీద పదహారుగురి పేర్లు ఉన్నాయి. అధిపతి అయిన సుబ్బారావు పేరు వారి నడుమ ఎక్కడో ఏడవది. ఆ వెంటనే టామ్ స్పైస్ మొదలైన వైద్యులు అమెరికాలోను, క్యూబాలోను స్ప్రూ రోగులకు ఈ మందునిచ్చి చూడగా, మంచము పట్టినవారు లేచి తిరిగారు. అన్నదమ్ములను మ్రింగిన జబ్బుకు మందు దొరికింది. ఇంటిలో ఆ ఇద్దరూ పోయి అప్పటికి ఇరువది ఏండ్లు దాటింది.

తరువాతి మూడేండ్ల పని వేగము ఆశ్చర్యము కలిగిస్తుంది. ఫోలిక్ ఆమ్లము వలన ల్యుకీమియా, అనగా రక్తపు కాన్సరు, ఉద్రేకిస్తున్నదని బోస్టనులో సిడ్నీ ఫార్బరు గమనించాడు. పెంచేదానికి విరోధి అణచగలదు కదా అన్న తర్కముతో, ఫోలిక్ ఆమ్లమును పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసి ఇచ్చింది. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన ఫలితములలో అమైనోప్టెరిన్ తీసుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు పురుగులను నశింపజేసే హెట్రజాన్ 1947లో వెలువడింది. మన కోస్తా జిల్లాలలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. డగ్గరు అనే వృద్ధశాస్త్రజ్ఞుని చేత మట్టిలోని జీవులను పరిశీలింపజేయగా వచ్చిన బంగారువన్నె ఔషధము ఆరియోమైసిన్ 1948లో వైద్యులకు అందింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది మొదటిది.

1948 ఆగస్టులో, నిద్రలోనే, గుండె ఆగి సుబ్బారావుగారు మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి 1946లో చట్టము వీలు కల్పించినా ఆయన పౌరసత్వము స్వీకరించలేదు. స్వదేశమునకు తిరిగి రానూ లేదు. శేషగిరిగారు 1922 తరువాత భర్తను మరల చూడలేదు. దేశమునకు మందులు వచ్చాయి, ఆమెకు ఉత్తరములు వచ్చాయి. ఈ లెక్కను ఏ పద్ధతితోనూ సరిచేయడము సాధ్యము కాదు.

1953లో ఒక కొత్త బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని నామకరణము చేశారు. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ స్టాంపు వెలువరించింది. హార్వర్డులో ఆయనతో పనిచేసి, అనంతరకాలమున 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్సు ఒక విషయము బయటపెట్టాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని ఫిస్కె అసూయ వలన ఆనాడు వెలుగు చూడలేదట. ఏండ్ల తరువాత ఇతరులు వాటిని మరల మొదటినుండి కనుగొనవలసి వచ్చిందట.